గేదె అబద్ధం చెప్పదు

లారీ వెనక తలుపు తీసేసరికి బారెడు పొద్దెక్కింది. గేదె దిగనని మొరాయించింది. ముందరికాళ్లు చెక్కకు తన్నిపట్టి, మెడ చాచి, కొత్తచోటి గాలిని గట్టిగా పీల్చింది. సుభాషిణి దగ్గరికి వెళ్లి దాని మెడ కింద గోకుతూ, "దా తల్లీ, దా. నిన్నెవరూ ఏమీ అనర్లే" అని బుజ్జగించింది. కాసేపటికి అది నమ్మి దిగింది.

ఒంగోలుకు పది మైళ్ల దూరంలో, పొగాకు కాల్చే బేరన్ల మధ్య ఉన్న ఆ పరిశోధనశాలకు బోర్డు మీద రెండు వరుసల పేరుంది. చుట్టుపక్కల జనం ఆ పేరు జోలికి పోకుండా 'గొడ్లకోర్టు' అంటారు. మనుషులెవరూ చూడకుండా జరిగిన హత్యల్లో, ఆ చోట కట్టేసి ఉన్న పశువును ఇక్కడికి తెస్తారు. డాక్టర్ పరాంకుశం గారు ఇరవై ఏళ్లు కష్టపడి చేసిన తలకట్టును దాని కొమ్ముల మధ్య బిగిస్తారు. అనుమానితుల ఒంటికి అద్దిన దూదిని గాజుబుడ్లలో పెట్టి, ఒక్కొక్కటే దాని ముక్కు దగ్గర మూత తీస్తారు. రోజూ ఎరిగిన వాసనైతే తెరమీద ఆకుపచ్చ గీత లేస్తుంది. పశువు బెదిరి వణికిన గడియలో సోకిన వాసనైతే ఎర్రగీత లేస్తుంది.

"మనిషి చూసింది మరిచిపోతాడు, చూడంది కల్పిస్తాడు. పశువుకు ఆ రెండూ చేతకావు," అనేవారు పరాంకుశం గారు.

ఆ రోజు పన్నెండు బుడ్లున్నాయి. ఏది ఎవరిదో సుభాషిణికి తెలియదు, ఆయనకూ తెలియదు. తెలియకూడదని నియమం. మూడు బుడ్ల వరకు గేదె తోకతో ఈగల్ని తోలుకుంటూ నిలబడింది. నాలుగో బుడ్డి మూత తీయగానే ఆకుపచ్చ గీతా, ఎర్రగీతా రెండూ తెర అంచుదాకా లేచాయి. గేదె కళ్లలో తెల్లగుడ్డు కనిపించింది.

"ఇంటి మనిషే," అన్నారు పరాంకుశం గారు నెమ్మదిగా.

మిగిలిన బుడ్లు కూడా వరసగా చూపించారు.

"సార్, తొమ్మిదో దానికి కూడా ఎర్రగీత కాస్త కదిలింది."

"ఎంత?"

"రెండు గళ్లు."

"అయిదు గళ్ల లోపు లెక్కలోకి రాదమ్మాయ్. ఈగ వాలినా రెండు గళ్లు కదులుతుంది. కాగితంలో నంబరు వేసే గడి ఒక్కటే. నాలుగు అని రాయి."

సుభాషిణి నాలుగు అని రాసి, కింద సంతకం పెట్టింది.

ఆ నాలుగో నంబరు ఆదెమ్మ అనే ఆవిడదని రెండు నెలల తర్వాత పేపర్లో చూసి తెలుసుకుంది. గొడ్లచావిట్లో అత్తను రోకలితో కొట్టి చంపిందట. హత్యనాటికి నాలుగు రోజులుగా పుట్టింట్లో ఉన్నానని, తల్లికి కంటి ఆపరేషన్ అయితే చూసుకోను వెళ్లానని చెప్పుకుందట. తల్లి కూడా అవునంది. కన్నతల్లి మాట ఎవరు నమ్ముతారు? యావజ్జీవ శిక్ష పడింది. సుభాషిణి పేపరు మడిచి పక్కన పెట్టేసింది. ఆవిడ మీద జాలి కలగలేదు. ఆ యంత్రం మాటంటే ఆమెకు దేవుడి మాటే. అందుకు కారణం ఉంది.

రెండేళ్ల కిందట తుమ్మలదిన్నెలో, కాలవ నీళ్ల వంతు దగ్గర, సుభాషిణి తమ్ముడు అంజిబాబును ఎవరో పారతో కొట్టి చంపారు. పక్క చేను మాలకొండయ్యదే. ఊరంతా లోలోపల అనుకున్నది అతని పేరే. అయినా చూసినవాళ్లు లేరు. ఒడ్డున మేస్తున్న సుభాషిణి వాళ్ల గేదె మల్లి ఒక్కటే ఉంది. అప్పుడే కొత్తగా మొదలైన ఈ గొడ్లకోర్టుకు మల్లిని తీసుకొచ్చారు. మాలకొండయ్య బుడ్డికి ఎర్రగీత లేచింది. శిక్ష పడ్డ రోజు సాయంత్రం సుభాషిణి తల్లి కోటేశ్వరమ్మ మల్లికి నుదుటిన పసుపు రాసి, దాని మెడ పట్టుకుని, కొడుకు పోయిన ఏడు నెలల తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. అంతకు ముందు ఏడుపు రాలేదామెకు.

పశువైద్యం డిప్లొమా చదివిన సుభాషిణి ఆ నెలలోనే పరాంకుశం గారి దగ్గరికి వచ్చి, ఏ పనైనా చేస్తానని చేరింది.

* * *

ఆదెమ్మకు శిక్ష పడిన ఆరు నెలలకు, ఒక శనివారం సుభాషిణి ఇంటికి వెళ్లేసరికి అమ్మ మంచంలో ఉంది. ఒళ్లు పట్టేసే జ్వరం. వేళ్లు ముడుచుకోవడం లేదు. ఆ పూట పాలు పక్కింటావిడ తీయబోతే మల్లి తన్ని పంపిందట.

తెల్లవారగానే సుభాషిణి తపేలా పట్టుకుని వెళ్లింది. దూడను విడిచింది. దూడ పొదుగు కుమ్మి కుమ్మి అలిసిపోయినా మల్లి చేపలేదు, పొదుగులోకి పాలు దించలేదు. సుభాషిణి చెయ్యి వేయబోతే కాలు ఎత్తింది. తపేలా దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది.

"ఏందే ఆ మోత? తన్నిందా?" అంది లోపల్నించి కోటేశ్వరమ్మ.

"తన్నిందమ్మా. చేపటం లేదు."

"ఎందుకు చేపుద్ది? నీ ఒళ్లంతా మందుల కంపాయె. దండెం మీద నిన్న నేను విడిచిన చీరుంది చూడు, అది చుట్టుకుని పో."

"నేను నీ కూతుర్నని దానికి తెలీదా?"

"కూతురివైతే నాకు. దానికి కాదుగా! పెద్ద చదువులు చదివావు, బర్రె సంగతి తెలవదు. మా అమ్మ పురిటికెళ్లినప్పుడల్లా మా నాయన చీర చుట్టుకునే పితికేవాడు. మీసాలాయన చీర చుట్టుకుని కూర్చుంటే మేం పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం. బర్రె మాత్రం నవ్వేది కాదు, చక్కంగా చేపేది. పో, పొద్దెక్కితే మరీ బిగబట్టుద్ది."

సుభాషిణి నవ్వుకుంటూ చీర చుట్టుకుంది. మల్లి తల తిప్పి, కొంగును రెండుసార్లు వాసన చూసింది. చెవులు వాలేసింది. పొదుగు నిండింది. పాలు తపేలా అడుగున చర్రుచర్రున పడ్డాయి.

సగం తపేలా నిండాక సుభాషిణి చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

గేదె ఆమెను చూస్తూనే ఉంది. చూస్తూ, కోటేశ్వరమ్మ అనుకుంటోంది. ఇప్పుడు ఈ చావిట్లో ఏదైనా ఘోరం జరిగితే, రేపు తలకట్టు బిగించి అడిగితే, ఇది ఏ మాటా దాచకుండా కోటేశ్వరమ్మ పేరే చెబుతుంది. దాని మటుకు అదే నిజం.

ఆదెమ్మ పుట్టింట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో పాలు ఎవరు పితికారు?

"ఏమే, అయిపోయిందా?" అని అమ్మ పిలుస్తోంది.

* * *

సోమవారం పొద్దున పరాంకుశం గారు ఆమె చెప్పింది మొత్తం విన్నారు. నవ్వలేదు, కోప్పడలేదు. "చూద్దాం," అని లేచారు.

పరిశోధనశాలలో ఊడ్చే నాగరత్నం దగ్గర పనిచీర ఒకటి అడిగి తీసుకున్నారు. సుభాషిణి దాన్ని చుట్టుకుని అక్కడి గేదె పక్కన నిలబడింది. పరాంకుశం గారు వెనకనుంచి రేకుడబ్బా మీద ఇనపరాడ్డుతో ఒక్కటేశారు. గేదె బెదిరి పలుపు తెంచుకోబోయింది. గంట ఆగి తలకట్టు బిగించి, ఇద్దరి బుడ్లూ చూపించారు.

నాగరత్నం బుడ్డికి ఎర్రగీత తెర అంచుదాకా లేచింది.

"అయ్యో! నేనేం జేశాను సారూ?" అంది గుమ్మంలో నిలబడ్డ నాగరత్నం, చీపురు గుండెలకు అదుముకుని. "నేనింకా వాకిలి గూడా ఊడవలా. నా మీద కేసు పెట్టబాకండి!"

"నీ మీద కాదులే నాగరత్నం," అన్నారాయన. ఆయన చూపు తెరమీదనుంచి కదల్లేదు. సుభాషిణి బుడ్డికి ఎర్రగీత కదిలింది. సరిగ్గా రెండు గళ్లు.

ఇంకో చీరతో చేశారు. వాచ్‌మన్ తుండుగుడ్డతో చేశారు. చొక్కాతో చేశారు. ప్రతిసారీ బట్ట యజమానికి తెర అంచుదాకా, కట్టుకున్న మనిషికి రెండు గళ్లో మూడు గళ్లో. ఈగ వాలితే కదిలినంత.

పరాంకుశం గారు అక్కడే ఉన్న దాణాబస్తా మీద కూర్చున్నారు.

"రెండు వందల సార్లు పరీక్షించానమ్మాయ్. పరీక్షకు వచ్చిన ప్రతి మనిషికీ వేడినీళ్లలో ఉతికిన తెల్లకోటు తొడిగించాను. వేరే వాసన తగలకూడదని. అంత జాగ్రత్తపడ్డాను. పల్లెలో ఒకరి చీర ఇంకొకరు చుట్టుకుని చావిట్లోకి వెళ్తారని నాకు తోచనే లేదు. నేను పుట్టి బుద్ధెరిగి పాలు పాకెట్లోనే చూశాను."

"నేను పల్లెలోనే పుట్టాను సార్. నాకూ తోచలేదు."

గేదె నెమరేస్తున్న చప్పుడొక్కటే వినిపించింది.

"ముప్పై ఏడు మందికి శిక్షలు పడ్డాయి మన కాగితం మీద," అన్నారాయన. "ఇది బయటపెడితే ఒక్క ఆదెమ్మదే కాదు, ముప్పై ఏడూ నిలబడవు. వాళ్లలో ముప్పై ఆరుగురు నిజంగా చేసినవాళ్లేనేమో. వాళ్లంతా ఇళ్లకు వెళ్తారు. మీ తమ్ముడి కేసు కూడా అందులోదే."

"తెలుసు సార్. నిన్నంతా అదే తలుచుకున్నాను."

"వంద మంది దోషులు తప్పించుకున్నా సరే, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదంటారు. చదువుకునే రోజుల్లో ఆ మాట వింటే ఒళ్లు పులకరించేది నాకు. ఆ వంద మంది ఎవరి పిల్లల్ని చంపారో అప్పుడు ఆలోచించలేదు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నివేదిక నేను రాస్తాను, సంతకం నేను పెడతాను. ఆ గడిలో నాలుగు వేసింది నువ్వు గనక నీ సంతకం కూడా కావాలి. అయితే మీ అమ్మగారికి ఈ సంగతి కోర్టు ద్వారా తెలియకూడదు. ముందు నువ్వే చెప్పు."

సుభాషిణి తలూపింది. కానీ అమ్మ దగ్గరికి వెళ్లేముందు ఆమె చూడవలసిన మనిషి ఒకరున్నారు.

* * *

ఆదెమ్మ కటకటాల అవతల పీట మీద కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. చేతులు పనిచేసిన చేతులు, ఇప్పుడు ఒళ్లో ఊరికే పడున్నాయి. సుభాషిణి తానెవరో చెప్పింది. తిడుతుందని సిద్ధపడింది.

"నువ్వేనా అమ్మా మా బర్రెను చూసింది? ఎట్టా ఉంది? అప్పటికి సూడితో ఉంది. ఈనిందా?" అంది ఆదెమ్మ.

"తెలీదక్కా," అంది సుభాషిణి.

"పెయ్యదూడ పుడితే బాగుండు."

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. నువ్వు మీ అమ్మ దగ్గరుంటే ఇక్కడ పాలెవరు పితికారు?"

"మా మరిది. తిరపతయ్య."

"ఎలా పితికాడు?"

"ఎట్టా ఏముంది, నా చీర చుట్టుకుని. నేనే ఇచ్చి వచ్చా, ఉతకని చీర చూసి."

"ఈ సంగతి కోర్టులో చెప్పలేదా?"

ఆదెమ్మ ఆమెకేసి వింతగా చూసింది. "ఎవరూ అడగలా. ఖూనీ కేసులో పాలు పితికే సంగతి ఎవరు చెబుతారమ్మా?"

సుభాషిణి యంత్రం సంగతి, నాగరత్నం చీర సంగతి వివరంగా చెప్పింది. ఆదెమ్మ వింటూ వింటూ కటకటాల ఊచ పట్టుకుంది. అర్థమవుతున్నకొద్దీ ఆమె ముఖం వెలుగుతుందనుకుంది సుభాషిణి. అది వెలగలేదు, పాలిపోయింది.

"అయితే నేను చెయ్యలేదా?" అంది.

"అదేంటక్కా! నువ్వు అక్కడ లేవుగా?"

"లేను. ఆ మాటే చెప్పా. కానీ బర్రె చెప్పింది గదమ్మా. అది నా చేతి కుడితి తాగి పెరిగింది. దానికి నా మీద పగేముంది, అబద్ధం చెప్పటానికి? మనుషులు చెబితే కాదనేదాన్ని. ఇక్కడికొచ్చినాక రోజూ ఆలోచించా. అత్తతో మాటామాటా వచ్చిన రోజులున్నాయి. అది చస్తే బాగుండని మనసులో అనుకున్న రోజూ ఉంది. మా అమ్మ ఊరు నాలుగు కోసుల దూరం. నడిచొచ్చి, చేసి, మరిచిపోయానేమో, మతి తప్పిందేమో అనుకున్నా. తొమ్మిది నెల్లయింది. ఒకటిరెండుసార్లు రోకలి చేతిలో ఉన్నట్టు కూడా అనిపించింది."

సుభాషిణి కటకటాల్లోంచి చెయ్యి పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. కాపలా ఆవిడ వద్దని సైగ చేసింది, మళ్లీ ఎందుకో తల తిప్పుకుంది.

"మా తిరపతయ్యకు నేనే అన్నం పెట్టి పెంచా," అంది ఆదెమ్మ చివరికి. "ఇల్లు పంచమని అత్తతో పోట్లాడేవాడు. అంతమాత్రాన చంపుతాడా? ఏమో. నాకేం తెలీదు. నేను చెయ్యలేదన్న మాట ఇంకొక్కసారి చెప్పు తల్లీ."

"నువ్వు చెయ్యలేదక్కా."

"ఇంకోసారి."

* * *

అమ్మకు జ్వరం తగ్గింది. పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వేళ్లింకా పూర్తిగా వంగడం లేదు. సుభాషిణి ఎదురుగా కూర్చుని, ఒక గింజ తీస్తూ ఒక మాట చెబుతూ, సంగతంతా చెప్పేసింది.

కోటేశ్వరమ్మ చెయ్యి ఆగలేదు. "ఆ ఆదెమ్మ సంగతి చెప్పు. మనది చెప్పబాక," అంది.

"అట్టా కుదరదమ్మా. యంత్రానికి మనిషీ, బట్టా తేడా తెలీదంటే అన్ని కేసుల్లోనూ తెలీదనే. మల్లి చెప్పింది కూడా మాలకొండయ్య వాసనే గానీ, మాలకొండయ్య అని కాదు. ఎవరన్నా అతని తుండుగుడ్డ కప్పుకొచ్చి ఉండొచ్చు అంటారు లాయర్లు."

"ఎవరు కప్పుకొచ్చారు? వాడే చేశాడని నీకు తెలీదా?"

"తెలుసు."

"నాతోనే అన్నాడే! శిక్ష పడ్డ రోజు కోర్టు వరండాలో, పోలీసోళ్లు తీసుకుపోతుంటే నా పక్కనొచ్చి, 'అక్కా, చెయ్యి జారింది' అన్నాడు. ఈ చెవులతో విన్నా."

"ఆ మాట ఇంకెవరూ వినలేదమ్మా. నీ మాట తీసుకోరు. చచ్చిపోయినవాడి తల్లివి."

"తల్లి మాట పనికిరాదు, బర్రె మాట పనికొస్తదా?" కోటేశ్వరమ్మ చింతపండు పళ్లెం పక్కకు తోసింది. "ఇప్పుడు ఆ బర్రె మాట గూడా పనికిరాదంటివి. ఇంక నా బిడ్డకెవరున్నారు?"

సుభాషిణి పళ్లెం మళ్లీ దగ్గరికి లాగి, "ఆదెమ్మ తల్లి మాట కూడా అట్నే తీసుకోలేదమ్మా. నా కూతురు నా దగ్గరే ఉందని ముసలావిడ కంటికి కట్టుతోనే కోర్టుకొచ్చి చెప్పిందంట," అంది.

కోటేశ్వరమ్మ తీసిన గింజలన్నీ ఒక్కచోటికి దోసిట్లోకి ఎత్తింది, ఏం చెయ్యాలో తెలియనట్టు మళ్లీ కింద పోసింది.

"నువ్వు పో. చేసేది చెయ్యి. నన్నడిగి మాత్రం చెయ్యబాక. నన్నడిగితే వద్దనే అంటా. ఆమె జైల్లో ఉంటే ఉండనీ అంటా. నేను అట్టాంటి మాట అనటం నువ్వు వినటం నాకిష్టం లేదు."

* * *

పైకోర్టులో విచారణ ఆరు రోజులు సాగింది. పరాంకుశం గారు రెండు రోజులు నిలబడి, తన యంత్రంలోని లోపాన్ని తనే ఒక్కొక్కటిగా విప్పి చెప్పారు. ఇరవై ఏళ్లు పెంచుకున్న చెట్టును వేర్లతో సహా పెళ్లగిస్తున్న మనిషిలా కనిపించారు. ఆ కాగితం మీది సంతకం తనదేనని సుభాషిణి చెప్పింది. తొమ్మిదో బుడ్డి తిరపతయ్యదని ఆ రోజే తెలిసింది.

ఆదెమ్మ ఊరినుంచి ఒక ముసలమ్మను సాక్షిగా పిలిచారు. తిరపతయ్య చీర కట్టుకుని పాలు పితకడం ఆమె కళ్లారా చూసిందా అని అడిగారు.

"చూశా."

"అది వింతగా అనిపించలేదా నీకు?"

"చీర చుట్టుకోకుండా పితికితే వింత గానీ, చుట్టుకుంటే వింతేముంది సారూ? మీ ఇంట్లో ఎట్టా పితుకుతారు?"

హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా నవ్వు ఆపుకున్నారు. సుభాషిణికి నవ్వు రాలేదు. ఈ ఒక్క మాట మొదటి విచారణలోనే ఎవరైనా అడిగి ఉంటే చాలునని అనిపించింది. వెనక వరసల్లో చనిపోయినవాళ్ల మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకాయన తన కూతురి ఫోటో ఫ్రేముతో సహా పట్టుకొచ్చాడు. రోజూ అదే కుర్చీలో, ఫోటో జనం వైపు తిప్పి పట్టుకుని కూర్చునేవాడు. ఆరో రోజు దాన్ని ఒళ్లోకి తిప్పేసుకున్నాడు.

ముప్పై ఏడు శిక్షలూ రద్దయ్యాయి. వేరే సాక్ష్యం ఉన్న ఆరుగురిని మళ్లీ విచారించమన్నారు. మిగతావాళ్లను విడిచిపెట్టమన్నారు. రెండు గళ్ల గీత మీద తిరపతయ్యను పట్టుకోవడానికి ఏ చట్టమూ ఒప్పుకోలేదు. అతను తన ఇంట్లోనే ఉన్నాడు. పరిశోధనశాల గేటుకు తాళం పడింది. నాగరత్నం ఆఖరి రోజు కూడా వాకిలి ఊడ్చి, "తాళమేసే కొంపైనా శుభ్రంగా ఉండాలిగా" అనుకుంటూ వెళ్లిపోయింది.

ఆదెమ్మ విడుదలైన రోజు సుభాషిణే వెంట వెళ్లి వాళ్లమ్మ ఊళ్లో దించింది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డారు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం వీధి అవతలే నిలబడ్డారు. "బర్రె ఊరికే చెబుతదా?" అని ఒకావిడ పక్కావిడతో అనడం సుభాషిణికి వినబడింది. ఆదెమ్మకూ వినబడింది. కళ్లు తుడుచుకుని సుభాషిణి వైపు చూసింది. ఆ చూపు ఆ మాటే ఇంకోసారి చెప్పమన్నట్టుంది. సుభాషిణి చెప్పింది.

* * *

మాలకొండయ్య వచ్చిన రోజు మంగళవారం. మిట్టమధ్యాహ్నం. బస్సు దిగి, గుడ్డసంచి చంకలో పెట్టుకుని, తల వంచుకుని వీధిలో నడిచి వస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. అతని భార్య రవణమ్మ ఎదురెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడింది. అతను తన ఇంటికి వెళ్లాలంటే కోటేశ్వరమ్మ ఇల్లు దాటాలి.

కోటేశ్వరమ్మ అరుగు మీద కూర్చునుంది. పొద్దుట్నుంచీ అక్కడే ఉంది. సుభాషిణి రెండుసార్లు అన్నానికి పిలిచినా లేవలేదు.

అతను అరుగు ముందుకొచ్చి, దాటిపోలేక నిలబడిపోయాడు.

"మాలకొండయ్యా," అంది కోటేశ్వరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "నిన్నేం అననులే. ఆ రోజు వరండాలో ఒక మాట అన్నావు. అది ఇంకోసారి అను. నా కూతురు వింటది. అంతే, ఇంకేం వద్దు."

వీధిలో తలుపులన్నీ ఓరగా తెరిచి ఉన్నాయి. మాలకొండయ్య పెదవులు కదిలాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. సుభాషిణి వైపు చూశాడు, తెరిచి ఉన్న తలుపుల వైపు చూశాడు, గుమ్మంలో ఉన్న రవణమ్మ వైపు చూశాడు. ఇప్పుడు ఆ మాట అంటే మళ్లీ లోపలికే. అనకపోతే నిర్దోషి.

"నేనేం అన్లేదక్కా," అన్నాడు నేలకేసి చూస్తూ. "నువ్వు పొరపాటు పడ్డావు."

అని వెళ్లిపోయాడు. రవణమ్మ అతన్ని లోపలికి రానిచ్చి తలుపు వేసుకుంది. వీధిలో తలుపులు కూడా ఒక్కటొక్కటే మూసుకున్నాయి.

సుభాషిణి అమ్మ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోనిస్తుందో లేదో తెలియక తన చేతులు తనే పట్టుకుంది.

"అమ్మా," అంది.

కోటేశ్వరమ్మ తలెత్తలేదు.

"నువ్వు చేసింది తప్పని నేననను సుభా. ఒప్పని మాత్రం నన్ను అనమనొద్దు."

లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి వంటింట్లో కంచం పెట్టిన చప్పుడైంది. సుభాషిణి లేవబోయి ఆగింది. రెండో కంచం చప్పుడు కోసం చెవులు రిక్కించి చాలాసేపు అరుగు మీదే కూర్చుంది.